పచ్చలైటు చార్జరు గారికి, ఎఫ్1 విషయమై

మహారాజశ్రీ చార్జరు గారికి,

నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమ సేవకే సరిపోయింది. తమ పచ్చలైటు దివ్యంగా వెలుగుతూనే ఉంది, ఫోను మాత్రం 3 శాతం దగ్గరే కూర్చుంది. గాంధీ రోడ్డులో తమరిని అమ్మినాయన "ఆరు నెలలు గ్యారంటీ సామీ" అన్నాడు. బిల్లు అడిగితే, "బిల్లిస్తే గ్యారంటీ ఉండదు సామీ" అన్నాడు.

విప్పుదామంటే తమ ఒంటి మీద ఒక్క స్క్రూ లేదు. రెండు చిప్పలూ కరిగించి అతికించేశారు. బస్టాండు దగ్గర రిపేరు పిల్లోడు అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని విప్పేది ల్యా, పగలగొట్టేదే. కొత్తది తీస్కో సామీ" అని చేతిలో పెట్టేశాడు. ఇంటికొచ్చి వైస్‌లో బిగిస్తే అతుకు దగ్గర టప్పుమన్నారు.

జబ్బు వెంటనే కనబడింది. ఫోనుకెళ్లే కరెంటుని నిలకడగా ఉంచాల్సిన అవుట్‌పుట్ వైపు కెపాసిటరు తల ఉబ్బిపోయింది. మన తిరుపతి ఎండలకి, ఆ మూసిన డబ్బాలో దాని లోపలి ద్రవం ఎండిపోవడం మామూలే, దాని మీద కోపం లేదు. పైన రాసుకున్న 2.4 ఆంపియర్ల మీదా లేదు. ఆ బుల్లి ట్రాన్స్‌ఫార్మరుతో 5 వోల్టుల దగ్గర అన్ని ఆంపియర్లు, అంటే 12 వాట్లిస్తారని ఎవరు నమ్మారు గనక! ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తుంది, దాంతో ఉండాల్సిన "ఆర్" నంబరు, అదే రిజిస్ట్రేషన్ నంబరు, లేదు. సరే, అదీ వదిలేద్దాం.

కానీ ఆ ఎఫ్1 ఏంటండీ?

బోర్డు మీద తెల్లగా ఎఫ్1 అని అచ్చేశారు. ఫ్యూజు బొమ్మ గీశారు. దాని కాళ్లకి రెండు చిల్లులు పెట్టారు. ఫ్యూజు లేదు! ఆ చిల్లుల్లో ఓ తీగముక్క టంకం వేసి ఉంది. తలుపు మీద పేరూ హోదా రాసుకుని, కుర్చీకి కోటు తగిలించి సినిమాకెళ్లిన ఆఫీసరు కూడా ఇంత తెగించడు. గీసినాయనకి తెలుసు, అక్కడ ఫ్యూజు ఉండాలని. అచ్చేసినాయనకీ తెలుసు. తెలియక వదిలేసి ఉంటే క్షమించేవాణ్ణి. తెలిసి, ఆ కాస్త చిల్లర మిగుల్చుకున్నారు. పక్కన ఇంకో రెండు చోట్లు కూడా ఖాళీయే, వాటి సంగతి ఎత్తను.

కొత్త కెపాసిటరు వేశాను. ఎఫ్1లో కూడా నేనే ఫ్యూజు పెడదామని బోర్డు వెనక్కి తిప్పాను. 230 వోల్టుల కరెంటు పారే గీతకీ, ఫోనుకెళ్లే గీతకీ మధ్య దూరం గోరు మందం కూడా లేదు. లోపల ఆ 230 కాస్తా 320 దాటిన డీసీ అవుతుంది. వానాకాలం చెమ్మకి అది అటు దూకిందంటే? మా పాప చార్జింగు పెట్టుకునే, ఫోను చెవికి ఆనించి గంటలు గంటలు మాట్లాడుతుంది.

ఇంక గారూ లేదు, తమరూ లేదు. ఏం బతుకురా నీది? ప్రాణానికి అడ్డం ఉండాల్సిన చోట తీగముక్క పెట్టుకుని, బయటికి పచ్చలైటా? ఆ గీతల మధ్య ఉండాల్సిన దూరం నా సోల్డరింగ్ ఐరనుతో పుట్టేది కాదు. నిన్ను బాగుచేయాలంటే నిన్ను తీసేసి ఇంకోటి పెట్టాల.

నీలో పనికొచ్చే సామాను ఒక్కటే, నేను వేసిన కెపాసిటరు. అది పీకి డబ్బాలో వేసుకున్నాను. నీ రెండు పిన్నులూ కటింగ్ ప్లయరుతో వంచేశాను, ఇంకే ఇంట్లోనూ ప్లగ్ పాయింట్లో దూరకుండా.