ఆ ‘బి’ ఎక్కడిది?

కిందటేడు మా అమ్మాయికి ఎనిమిదో నెల దాటాక డాక్టరమ్మ ఒక పరీక్ష చేయించింది. రిపోర్టు ఫోన్‌లోకి వచ్చింది: గ్రూప్ బి స్ట్రెప్, పాజిటివ్. అంటే ఆ పేరుగల క్రిమి ఒంట్లో ఉందని. ఆ మాట విని, పురిటి సాయానికి వచ్చిన మా వియ్యపురాలు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. “ఇది చాలామందికి ఉండేదే వదినగారూ, బిడ్డకు సోకకుండా నొప్పులు మొదలవగానే పెన్సిలిన్ ఎక్కిస్తారు, భయం లేదు” అని నచ్చజెప్పాను. అలాగే ఎక్కించారు. మొన్ననే మనవడి అడుగులకు అరిసెలు పంచాం.

ఆ ‘బి’ అక్షరం వెనక ఒక ఆడమనిషి అరవయ్యేళ్ళ చాకిరీ ఉంది. ఆమె రెబెకా లాన్స్‌ఫీల్డ్. 1895లో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లో ఒక సైనికాధికారి ఇంట పుట్టింది. 1918లో రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌గా చేరింది. సైనిక శిబిరాల్లో స్ట్రెప్టోకాకస్ (పొట్టిగా స్ట్రెప్) అనే క్రిమి కుర్రవాళ్ళ ప్రాణాలు తీస్తున్న రోజులవి. మైక్రోస్కోపులో చూస్తే అన్నీ ఒకే రకం పూసల దండల్లా కనిపిస్తాయి. ఏది ఏదో తేల్చేదెలా?

ఆమె పద్ధతి వినడానికి సులువే. క్రిములను పెంచి, యాసిడ్‌లో మరిగించి, సారం తీయాలి. అవే క్రిములను కుందేళ్ళకు ఎక్కించి, వాటి రక్తం నుంచి సీరం అనే తేట ద్రవం తీయాలి. రెండింటినీ సన్నని గాజు గొట్టంలో కలపాలి. జోడీ కుదిరిందా, తెల్లని మడ్డి పేరుకుంటుంది. కుదరకపోతే నీళ్ళలా తేటగానే ఉంటుంది. ఒక్కొక్క గొట్టాన్నీ వెలుతురుకి ఎత్తి చూడాలి. అలా వేలసార్లు చూసింది. 1933లో ఆ క్రిములను ఎ, బి, సి అంటూ గుంపులుగా విడదీసింది. ఎ మనుషుల జబ్బులది, బి అప్పట్లో ఆవులది. ఆ బి పసికందులకు ఎంత ప్రమాదమో లోకానికి బాగా తెలిసివచ్చింది 1970లలో. అప్పటికి దాని పేరూ, గుర్తుపట్టే దారీ సిద్ధంగా ఉన్నాయి.

‘ఎ’ సంగతి మా ఇంట్లోనే చూశాను. మా పెద్దక్కకి పన్నెండేళ్ళప్పుడు గొంతునొప్పి వస్తే మిరియాల పాలతో సరిపెట్టాం. మూడు వారాలకు కీళ్ళు వాచాయి, ఆ తరవాత గుండె కవాటం దెబ్బతింది. క్రిమి మీదికి లేచిన మన ఒంటి రక్షణ దళమే దారి తప్పి గుండెను పట్టే జబ్బు అది. 21 రోజులకో పెన్సిలిన్ ఇంజెక్షన్. అమ్మ క్యాలెండర్‌లో ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేది. సూది పడిన రాత్రి అక్క ఒక పక్కకే తిరిగి పడుకునేది.

ఈ క్రిమి ఒంటిమీద ఉండే ఎం ప్రొటీన్‌ను పట్టుకున్నదీ లాన్స్‌ఫీల్డే. మన రక్షణ వ్యవస్థ గురిపెట్టేది దానికే. కానీ దానిలో 200కి పైగా రకాలున్నాయి, ఒకదానికి వచ్చిన రక్షణ మరోదానికి సాధారణంగా అక్కరకు రాదు. నేటికీ టీకా రాకపోవడానికి ఇదో పెద్ద కారణం. పని ఇంకా మిగిలే ఉంది.

ఆమె 1925లో పిహెచ్‌డి పొందింది. ప్రొఫెసర్ హోదా దక్కింది 1958లో, అరవై మూడో ఏట. 1961లో అమెరికా ఇమ్యునాలజిస్టుల (ఒంటి రక్షణ వ్యవస్థను పరిశోధించేవాళ్ళ) సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. 1965లో రిటైరయ్యాక కూడా 1980 దాకా ల్యాబ్‌కు వెళుతూనే ఉంది. మరుసటి ఏడాది కన్నుమూసింది.

మన సంఘం వేదికల మీద కంపెనీ పెట్టినవాళ్ళకు శాలువాలు కప్పుతున్నాం. సంతోషమే. కానీ అయిదేళ్ళుగా ల్యాబ్‌లో ఉన్న పిల్ల కనబడితే “ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ చదువు? పెళ్ళెప్పుడు?” అని అడుగుతున్నాం. ఈ మాట నాకు కష్టంగా ఉంటుంది. మన ఇళ్ళలో బాలింతలు క్షేమంగా ఉన్నారంటే అలాంటి పిల్లల పుణ్యమే. రాబోయే యువ సమ్మేళనంలో స్టార్టప్‌లకు ఇచ్చినంత సమయం పరిశోధన చేసే పిల్లలకూ ఇవ్వాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను.

మొన్న వనభోజనాల్లో అలాంటి అమ్మాయే కలిసింది. “ఏ క్రిమి మీద పనిచేస్తున్నావమ్మా?” అన్నాను. పులిహోర పళ్ళెం పక్కన పెట్టేసి, పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది.