పగటివేషాల ఫ్లాటు

పగటివేషాలు అంతరించిపోతున్నాయని జానపద కళల సభల్లో కన్నీరు పెట్టుకునే పెద్దలకు ఒక శుభవార్త. ఆ కళ చావలేదు. గేటెడ్ కమ్యూనిటీలోకి కాపురం మార్చిందంతే. వెనకటికి అర్ధనారీశ్వరుడి వేషం కట్టినవాడు సాయంత్రానికి రంగు కడిగేసుకునేవాడు. ఇప్పుడు నేల, గోడ, కప్పు, తలుపు, చివరికి బాల్కనీలో గడ్డి కూడా ఇరవైనాలుగు గంటలూ వేషంలోనే ఉంటున్నాయి. ఇంకో తేడా కూడా ఉంది. వేషగాడు ఆట చూపించాక సంభావన అడిగేవాడు. ఇంటీరియర్స్ వాళ్లు ముందే సగం పుచ్చుకుంటారు.

ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: ఇంట్లో ఏ వస్తువూ సొంత మొహంతో కనబడకూడదు. మట్టి కాల్చి చేసిన టైలు హాల్లో పాలరాయి కావాలి, అదే టైలు పడకగదిలో చెక్క కావాలి. ప్లాస్టిక్కు రాయి కావాలి. పోనీ సిమెంటునైనా సిమెంటులా వదిలేస్తారా అంటే, ముందు దానికి పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, ఆపైన ‘కాంక్రీట్ ఫినిష్’ పెయింటు వేస్తారు. లోపల ఉన్నది కాంక్రీటే కదా అని అడిగినవాళ్లని డిజైనరు జాలిగా చూస్తారు.

నేల సంగతి కాస్త నిదానంగా చూడాలి. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయిలో బంగారు చుక్కలుంటాయి. బ్లాక్ గెలాక్సీ అని పేరు పెట్టి దేశదేశాలవాళ్లు దాన్ని కొనుక్కుపోతారు. తాండూరులో నాపరాయి, బేతంచర్లలో నాపరాయి, కడపలో నల్లబండ. కాళ్లకింద ఇంత రాయి పెట్టుకున్న మనం ఏం చేస్తున్నాం? ఇటలీ కొండ ఫొటోని గుజరాత్‌లోని మోర్బీలో మట్టిపలక మీద అచ్చేయించి లారీల్లో దింపించుకుంటున్నాం. అటు మన రాయి ఓడెక్కుతుంటే ఇటు వాళ్ల ఫొటో లారీ దిగుతోంది. పాపం తాండూరు బండకి మాత్రం అన్యాయం జరగలేదు, సెల్లార్‌లో కారు కింద చోటిచ్చారు.

అచ్చు యంత్రానికి ఓపిక తక్కువ. ఒక డిజైనుకి నాలుగో ఆరో ‘ఫేసులు’, అంటే వేరువేరు చారల బొమ్మలు, ఉంటాయి, అవి అయిపోతే మళ్లీ మొదటి చారే వస్తుంది. కొండకి ఈ సౌలభ్యం తెలీదు కాబట్టి యుగాల తరబడి కూర్చున్నా ఒకే చార రెండుసార్లు గీయలేకపోయింది. కొత్త ఇంట్లో సోఫా పక్కన కనిపించిన మెరుపుచార డైనింగ్ టేబుల్ కింద మళ్లీ పలకరిస్తుంది, పూజగది గడప ముందు మళ్లీ సాక్షాత్కరిస్తుంది. సర్వాంతర్యామి ఎక్కడున్నాడని పిల్లలు అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

ఇక చెక్క. డిజైనరు లామినేట్ అనీ, మన వడ్రంగి మైకా అనీ పిలిచేది సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండే షీటు. రెసిన్‌లో నానబెట్టిన కాగితాల దొంతర, దానిపైన టేకు బొమ్మ అచ్చేసిన కాగితం, ఆపైన మెలమైన్ పూత, అన్నీ కలిపి వేడిమీద నొక్కితే అది తయారవుతుంది. అంటే వార్డ్‌రోబు మీద మనం గర్వంగా నిమిరేది టేకుని కాదు, టేకు పాస్‌పోర్టు ఫొటోని. లోపలి ప్లైవుడ్ మాత్రం ‘710’ ఉండాలని పట్టుబడతాం. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, నీళ్లకి తట్టుకునే రకం. పదకొండో అంతస్తులో పట్టుచీరల బీరువాని ముంచే ఉప్పెన ఎటునుంచి వస్తుందో తెలీదు గానీ, జాగ్రత్త మంచిదే. అసలైన బల్లార్షా టేకు ఒక్క సింహద్వారానికే పరిమితం. నిజం చెక్క గుమ్మంలో నిలబడి కాపలా కాస్తుంటే ఫొటోలు లోపల ఏసీలో కాపురం చేస్తున్నాయి.

కప్పు గురించి ఎక్కువ చెప్పను. ఉన్న ఎత్తులో అర అడుగు తగ్గించి, జిప్సమ్ బోర్డు బిగించి, అంచుల్లో మూడు రంగుల దీపాలు దాస్తారు. గృహప్రవేశం నాడు మూడూ వెలుగుతాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో వెలిగేది ట్యూబ్‌లైటే.

అసలు ప్రతిభంతా వంటింట్లో కనబడుతుంది. పసుపు లేకుండా పప్పు కూడా వండని జాతికి తెల్లటి క్వార్ట్జ్ ప్లాట్‌ఫామ్ నప్పుతుందని మొదట కనిపెట్టినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. క్వార్ట్జ్ అంటే 90 శాతానికి పైగా రాతిపొడి, మిగతాది దాన్ని అతికించే రెసిన్. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే ఆ రెసిన్ ఊరుకోదు, మచ్చ పడుతుంది. పసుపు వెంటనే తుడవాలి. నిమ్మకాయ కోస్తే పలక పెట్టుకుని కోయాలి. ఇన్ని నియమాలు పాటించే ఓపిక లేని ఇల్లాలు వెనక యుటిలిటీలో ఇంకో పొయ్యి పెట్టించుకుని, అక్కడి నల్ల గ్రానైట్ బండ మీద చేపల పులుసు కాస్తుంది, ఆవకాయ కలుపుతుంది. లక్షలు పోసిన ముందు వంటింట్లో టీ పెడతారు, అదీ చుట్టాలొస్తే.

ఆస్ట్రేలియావాళ్లు 2024 జులై 1 నుంచి ఈ కృత్రిమ రాతిపలకల్ని నిషేధించారు. కోసే కార్మికుల ఊపిరితిత్తుల్లో సిలికా దుమ్ము చేరి సిలికోసిస్ వస్తోందని వాళ్ల భయం. మనకా బెంగ లేదు. మన అపార్టుమెంటు కారిడార్‌లో కూర్చుని పలక కోసే కుర్రాడు మూతికి రుమాలు కట్టుకుంటాడు. మన అభ్యంతరమల్లా దుమ్ము ఎదురింటివాళ్ల తలుపు మీద పడుతోందనే.

ఇదంతా ముందు త్రీడీ బొమ్మలో చూసి మనం ఒప్పుకున్నదే. ఆ బొమ్మలో ఎవరుంటారో గానీ వాళ్లకి గ్యాస్ సిలిండర్ లేదు, దోమల బ్యాట్ లేదు, ఉప్పు డబ్బా లేదు. ఒక గిన్నెలో ఆకుపచ్చ ఆపిల్స్ ఉంటాయి, ఎవరూ తినరు. అలాంటి ఇంట్లోకి పంచాంగంతో సహా మామగారు దిగుతారు.

“ఏమ్మా, వెంకట్రామా క్యాలెండర్ ఎక్కడ తగిలించను?”

“హాల్లో మేకు కొట్టకండి మావయ్యగారూ, అవి లూవర్స్, గోడకి అతికించిన గాడుల ప్యానెళ్లు. పగిలిపోతాయి.”

క్యాలెండర్ బీరువా తలుపు లోపలికి చేరింది. ఇప్పుడాయన ఏకాదశి ఎప్పుడో చూడాలంటే ప్యాంట్లు పక్కకి జరుపుకోవాలి.

ఇక్కడితో ఆగుంటే వేషాల సంగతి తేలిపోయేది. కానీ ఇదే కుటుంబం రెండేళ్లకి శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ కడుతుంది. ఊళ్లో పెంకుటిల్లు పడగొట్టినప్పుడు దూలాలూ గుమ్మాలూ పాతసామాన్ల వాడికి తోలేసిన వాళ్లే, కారైక్కుడి దుకాణాలకి వెళ్లి చెట్టినాడు స్తంభాలు బేరమాడతారు. నేలకి ఎర్ర గచ్చు. వరండాలో తాండూరు బండ, ఈసారి ‘నేచురల్ స్టోన్’ రేటుకి. హమ్మయ్య, ఒక్కచోటైనా రాయి రాయిలా, చెక్క చెక్కలా ఉండబోతోందని నేనూ సంతోషించాను.

అక్కడా చిక్కొచ్చింది. అన్నీ పాతవి దొరకవు కదా, కొన్ని గుమ్మాలు కొత్త టేకుతో చేయించాల్సొచ్చింది. కొత్త చెక్క మరీ కొత్తగా ఉందని డిజైనరు మొహం చిట్లించారు. ప్రస్తుతం ఇద్దరు వడ్రంగులు వైరు బ్రష్షుతో దాని నునుపు పోగొడుతున్నారు. మూడోవాడు సన్నటి డ్రిల్లు పట్టుకుని చెదపురుగుల బొరియలు వేస్తున్నాడు. బొరియలకి కూలీ విడిగా.