ఇంటి ఐస్‌క్రీం మెషీన్: బకెట్టే మేలు, పాలే ముఖ్యం

వరంగల్‌లోనో, కరీంనగర్‌లోనో, జగిత్యాలలోనో ఇంటికి ఐస్‌క్రీం మెషీన్ కొనాలనుకునే కుటుంబానికి నేను చెప్పేది ఒకటే. ఐసు ముక్కలూ ఉప్పూ పోసి తిప్పే బకెట్టు మెషీన్ కొనండి. చేత్తో తిప్పేదైనా సరే, పైన చిన్న మోటారు బిగించినదైనా సరే. ఫ్రీజర్‌లో గిన్నె పెట్టి గడ్డకట్టించే రకం మన ఇళ్ళకు సరిపడదు. సొంత కంప్రెసర్ ఉన్న రకం బాగానే పనిచేస్తుంది గానీ, దానికి పెట్టే డబ్బు ఏడాదికి పదిసార్లు తినే ఐస్‌క్రీం మీద పెట్టాల్సినంత చిన్న మొత్తం కాదు.

ఉగాది వెళ్ళినప్పటి నుంచి బంధువులకూ పక్కింటివారికీ ఈ మాట చెబుతూనే ఉన్నాను. చాలామంది వెంటనే ఒప్పుకోరు. బకెట్టు మెషీన్ అంటే తాతల నాటి వస్తువనీ, ఆన్‌లైన్‌లో కనిపించే తెల్లటి గిన్నె మెషీన్ కొత్తదనీ వారి నమ్మకం. వాటిలో ఏది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ నమ్మకం నిలవదు.

గిన్నె మెషీన్ సంగతే ముందు చూద్దాం. రెండు గోడల మధ్య ఒక ద్రవం నింపి మూసేసిన గిన్నె అది. పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి ద్రవం గడ్డకడుతుంది. ఆ తర్వాత పాల మిశ్రమం పోసి తిప్పితే, ఆ గడ్డ కరుగుతూ పాలలోని వేడిని లాగేసుకుంటుంది. ఆ మెషీన్‌కు సొంతంగా చల్లదనం లేదు, ఉన్నదంతా మీ ఫ్రిజ్ దగ్గర అప్పు తెచ్చుకున్నదే. దాన్ని తయారుచేసినవారు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌ను మనసులో పెట్టుకుని తయారుచేశారు. మన దగ్గర ఎన్నో ఇళ్ళలో ఉన్నది ఒంటి తలుపు ఫ్రిజ్. పైన చిన్న ఫ్రీజర్ అర, అందులో మంచు పేరుకుపోయి సగం చోటు ముందే పోయి ఉంటుంది. గిన్నె అందులో పట్టడమే కష్టం. పట్టినా, మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కాసే వరంగల్‌లో, పిల్లలు నీళ్ళ సీసా కోసం గంటకు నాలుగుసార్లు తలుపు తీసే ఇంట్లో, గాలివాన వస్తే గంటల తరబడి కరెంటు పోయే కాలనీలో ఆ అర మైనస్ 18కి చేరేదెప్పుడు? గిన్నె పైకి గట్టిపడినట్టే కనిపిస్తుంది. పాలు పోసి తిప్పడం మొదలుపెట్టాక పదిహేను నిమిషాలకు చిక్కటి లస్సీలాగా తయారై అక్కడే ఆగిపోతుంది. ఆపై ఎంత తిప్పినా గట్టిపడదు, ఎందుకంటే గిన్నెలో అప్పు తెచ్చిన చల్లదనం అయిపోయింది.

పరిమాణం సంగతి మరో చిక్కు. లీటరున్నర గిన్నె అని రాసి ఉన్నా అంచు దాకా పోయలేం, తిరిగేకొద్దీ మిశ్రమం గాలి నింపుకుని పొంగుతుంది కాబట్టి. పోయగలిగేది మహా అయితే లీటరు మిశ్రమం. వేసవి సెలవులకు మనవలూ మనవరాళ్ళూ ఆరుగురు దిగిన ఇంట్లో తలా ఒక చిన్న కప్పు వస్తుంది. రెండో విడత కావాలంటే గిన్నె మళ్ళీ గడ్డకట్టే దాకా, అంటే రేపటి దాకా ఆగాలి. పిల్లలకు ఆ మాట చెప్పగల తాతయ్యను నేనింకా చూడలేదు.

కంప్రెసర్ మెషీన్ గురించి తక్కువ మాటలు చాలు. అది చిన్న ఫ్రిజ్ లాంటిదే, ఎన్ని విడతలైనా వరసగా చేస్తుంది, రుచికి వంక పెట్టలేం. పది కిలోలకు పైగా బరువు, వంటింటి గట్టు మీద శాశ్వతంగా కొంత చోటు, పదుల వేల ధర. మిఠాయిలు చేసి అమ్మాలనుకునేవారు కొనుక్కోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వచ్చేటప్పుడు ఇలాంటి మెషీన్ మోసుకురావడం మన ప్రాంతంలో మామూలైంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మా దగ్గరి బంధువుల ఇంట్లో అలా వచ్చిన మెషీన్‌ను ప్రేమకొద్దీ నేరుగా గోడ ప్లగ్గులో పెట్టారు. నిమిషం గడవకముందే మోటారు కాలిన వాసన ఇల్లంతా నిండింది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది గానీ హెర్ట్జ్ మారదు, దాంతో అక్కడి వేగానికి తయారైన కొన్ని మోటార్లు ఇక్కడ నెమ్మదిగా తిరిగి వేడెక్కుతాయి. పిల్లలు ఏమైనా తేవాలనుకుంటే మంచి వెనిల్లా కాయలు తెమ్మనండి.

ఇక బకెట్టు. 1843లో ఫిలడెల్ఫియాకు చెందిన నాన్సీ జాన్సన్ అనే మహిళ చేత్తో తిప్పే ఐస్‌క్రీం మెషీన్‌కు పేటెంటు పొందారు. బయట ఒక బకెట్టు, లోపల ఒక లోహపు డబ్బా, డబ్బాలో రెక్కల కవ్వం, పైన తిప్పడానికి పిడి. దాదాపు రెండు శతాబ్దాలు గడిచినా ఆ నిర్మాణం మూలంలో అలాగే ఉంది. కారణం ఉప్పు. మామూలు ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. చక్కెర కలిసిన పాలు మైనస్ రెండున్నర, మూడు డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టడం మొదలుపెట్టవు. కాబట్టి ఉత్త ఐసులో ఎంతసేపు తిప్పినా పాలు చల్లబడతాయే తప్ప ఐస్‌క్రీం కావు. ఐసుకు ఉప్పు తగలగానే దాని కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. అది కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్నవాటి నుంచి, అంటే మన పాల డబ్బా నుంచి పీల్చుకుంటుంది. ఉప్పు బాగా దట్టిస్తే ఆ ఉప్పునీరు మైనస్ 21 దాకా దిగుతుంది. ఇంటి ఫ్రీజర్ కంటే చల్లన. పైగా ఫ్రీజర్‌లో గిన్నె చుట్టూ ఉండేది గాలి, ఇక్కడ డబ్బాను అంటిపెట్టుకుని ఉండేది ద్రవం. వేడిని లాగడంలో గాలికీ నీటికీ పోలికే లేదు. ఎంత త్వరగా గడ్డకడితే లోపలి మంచు రవ్వలు అంత సన్నగా ఉంటాయి, నాలుకకు అంత నునుపుగా తగులుతాయి.

రెండు లీటర్ల మిశ్రమానికి ఆరేడు కిలోల ఐసు, కిలో నుంచి కిలోన్నర కల్లుప్పు సరిపోతాయి. మన వైపు దొడ్డుప్పు అంటామే, అదే. సన్న ఉప్పు వద్దు, ఒక్కసారిగా కరిగి అడుగుకు చేరుతుంది. ఐసు దిమ్మ కొనుక్కొచ్చి గోనె సంచిలో వేసి సుత్తితో కొడితే చాలు. అది తినే ఐసు కాకపోయినా ఇబ్బంది లేదు, తినడానికి పనికిరాని ఐసుకు నీలి రంగు కలపాలన్న నిబంధన ఉంది కాబట్టి నీలంగా ఉన్నా భయపడనక్కరలేదు. డబ్బా మూత గట్టిగా ఉండి, ఆ నీరు లోపలికి పోకుండా చూసుకుంటే అంతే. అరగంట తిప్పాక పిడి బరువెక్కుతుంది. అప్పుడు కవ్వం తీసేసి, మూత పెట్టి, నీళ్ళు కొంత వంచేసి, మళ్ళీ ఐసూ ఉప్పూ దట్టించి గోనె సంచి కప్పి రెండు గంటలు వదిలేయండి. ఫ్రిజ్ అక్కరలేదు. కరెంటు పోయినా నష్టం లేదు.

కొనేటప్పుడు నాలుగు విషయాలు చేత్తో పట్టుకుని చూడాలి. లోపలి డబ్బా అల్యూమినియందైతే వేడి త్వరగా దాటుతుంది, స్టీలైతే నెమ్మది, ప్లాస్టిక్ డబ్బా ఉన్నది ఎంత చవకైనా వద్దు. కవ్వం రెక్కలు డబ్బా గోడను తాకుతూ గీకాలి, మధ్యలో సందు ఉంటే గోడకు గట్టి పొర పేరుకుని లోపలిది పలచగానే ఉండిపోతుంది. బకెట్టుకు డబ్బా మూత కంటే కిందుగా ఒక రంధ్రం ఉండాలి, ఎక్కువైన ఉప్పునీరు అందులోంచి పోవాలి, లేకపోతే మూత మీదుగా పాలలోకి చేరుతుంది. మోటారు రకమైతే పళ్ళచక్రాలు లోహానివా ప్లాస్టిక్‌వా అడగండి. చిక్కబడిన ఐస్‌క్రీంను తిప్పలేక ముందుగా అరిగేవి అవే. మోటారు చుట్టిచ్చేవారు వరంగల్‌లో దొరుకుతారు గానీ, విరిగిన ప్లాస్టిక్ చక్రాన్ని చేసిచ్చేవారు దొరకరు.

ఉప్పునీటి గొడవ ఎవరు పడతారని అడుగుతారు. ఆ నీరు మొక్కలకు పోయకూడదు, నిజమే. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పోసి డాబా మీద పెడితే మన ఎండకు కొద్ది రోజుల్లో నీరు ఆవిరై ఉప్పు తిరిగి చేతికొస్తుంది, మళ్ళీ బకెట్టుకే వాడుకోవచ్చు. ఇంత శ్రమెందుకు, విప్పింగ్ క్రీమూ కండెన్స్‌డ్ మిల్కూ గిలక్కొట్టి ఫ్రీజర్‌లో పెడితే మెషీనే లేకుండా ఐస్‌క్రీం వస్తుంది కదా అనేవారూ ఉన్నారు. వస్తుంది, మెత్తగానే ఉంటుంది. అయితే మన దుకాణాల్లో విప్పింగ్ క్రీం పేరుతో దొరికే డబ్బాల్లో చాలావాటిని వెనక్కి తిప్పి చదవండి. నాన్ డెయిరీ అనీ, వనస్పతి కొవ్వు అనీ సన్న అక్షరాల్లో ఉంటుంది. పాలు లేని క్రీంతో ఇంట్లో ఐస్‌క్రీం చేసుకునే పనైతే అంగడిలో కొనుక్కున్నదానికీ దీనికీ తేడా ఏముంది?

బకెట్టు మెషీన్ మీద నాకున్న పట్టుదలకు అసలు కారణం ఇక్కడ ఉంది. అది లీటర్ల కొద్దీ పాలు అడుగుతుంది. నిజమైన పాలు.

గేదె పాలలో వెన్న ఏడు శాతం అనుకుందాం. లీటరులో సుమారు 70 గ్రాములు. ఆ పాలను అడుగంటకుండా సగానికి మరిగిస్తే వెన్న ఎక్కడికీ పోదు, పోయేది నీరే. మిగిలిన అర కిలో పాలలో 120 గ్రాముల చక్కెర కలిపితే మొత్తం 620 గ్రాములు. అందులో 70 గ్రాముల వెన్న అంటే 11 శాతం. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీం అని పేరు పెట్టుకోవాలంటే పాల వెన్న కనీసం 10 శాతం ఉండాలి. అంటే ఊళ్ళో పోసే బర్రె పాలు, చక్కెర, ఒక అడుగు మందమైన గిన్నె ఉంటే క్రీం కొనకుండానే చట్టం చెప్పిన ఐస్‌క్రీం మన ఇంట్లో తయారవుతుంది. జగిత్యాల బంగినపల్లి గుజ్జు కలిపితే ఆ శాతం కొంత తగ్గుతుంది, రెండు చెంచాల మీగడ వేస్తే సరి.

అదే ప్రమాణాలు లీటరు ఐస్‌క్రీం కనీసం 525 గ్రాములు తూగాలంటాయి. అంటే లీటరు డబ్బాలో దాదాపు సగం దాకా గాలి ఉండవచ్చని అర్థం. బకెట్టులో నెమ్మదిగా తిరిగిన ఐస్‌క్రీంలోకి అంత గాలి చేరదు. అంగడి ధరతో ఇంటి ఖర్చును లీటర్లలో పోల్చేవారు ఒకసారి రెండింటినీ తూకం వేసి చూడాలి.

పాల వెన్నకు బదులు వంటనూనె వాడితే దాన్ని ఐస్‌క్రీం అనకూడదు, ఫ్రోజెన్ డెజర్ట్ అనాలి. పాఠకులకు ఈ గొడవ తెలిసిందే. ఫ్రోజెన్ డెజర్ట్‌లలో వనస్పతి ఉంటుందన్న అమూల్ ప్రకటనల మీద, వాటిని తయారుచేసే హిందుస్థాన్ యూనీలీవర్ 2017లో బాంబే హైకోర్టుకు వెళ్ళడం, ఆ ప్రకటనలను కోర్టు ఆపడం అందరూ చదివారు. ఆ తీర్పు ప్రకటనల గురించి. నా బాధ పేరు గురించి. ఫ్రోజెన్ డెజర్ట్ అనే రెండు మాటలు వరంగల్ బస్టాండు దగ్గర కప్పు కొనే తల్లికి ఏం చెబుతాయి? ఆమె పిల్లాడికి ఐస్‌క్రీం కొంటున్నాననే అనుకుంటుంది. అమ్మేవాడూ ఐస్‌క్రీం అనే అంటాడు.

ఇప్పుడు దీన్ని పాలు పోసే చోటి నుంచి చూడండి. మన పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాల్లో పొద్దున్నే వరసలో నిలబడేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో మహిళలు తామే సంఘంగా ఏర్పడి స్వకృషి డెయిరీని నడుపుకుంటున్నారు. డెయిరీలు పాలకు ధర కట్టేది వెన్న శాతాన్నీ, మిగతా ఘనపదార్థాలనూ కొలిచి. గేదెకు పచ్చిగడ్డి తగ్గిన వారం, ఎండదెబ్బ తగిలిన వారం వెన్న అర శాతం తగ్గితే ఆమెకు వచ్చే డబ్బు ఆ మేరకు తగ్గుతుంది. పాలు పోసేవారి దగ్గర వెన్నను పాయింట్లలో కొలిచే సమాజం, అదే వెన్న పేరుతో పట్నంలో అమ్ముడయ్యే చల్లని కప్పులో వెన్న ఉందో లేదో పట్టించుకోకపోవడం అన్యాయం. వెన్నకు బదులు ఆ కప్పులో చేరేది పామాయిల్ లాంటి వంటనూనె, మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. మన జిల్లాల్లో ఆయిల్‌పామ్ వేస్తున్న రైతు మీద నాకు ఏ కోపమూ లేదు. పామాయిల్‌ను పామాయిల్ పేరుతోనే అమ్మమంటున్నాను. ఫ్రోజెన్ డెజర్ట్ కప్పు ముందుభాగంలో, పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంతే పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ‘వంటనూనెతో చేసినది, పాల వెన్న లేదు’ అని ఉండాలి. తెలంగాణలో అమ్మే ప్రతి కప్పు మీదా ఉండాలి.

ఆ నిబంధన వచ్చేలోగా మన చేతుల్లో ఉన్నది ఇంకొకటుంది. ఉత్తర తెలంగాణలో ఐస్‌క్రీం ఒకేసారి పెద్దమొత్తంలో ఖర్చయ్యేది పెళ్ళిళ్ళలో. ఐదొందల మందికి, వెయ్యి మందికి కప్పులు పంచుతాం. వంటవారితో మాట్లాడేటప్పుడు బిర్యానీలో ఏ బియ్యం, పప్పులో ఏ నెయ్యి అని గుచ్చి గుచ్చి అడిగే పెళ్ళి పెద్దలు చివర్లో ‘ఐస్‌క్రీం’ అన్న ఒక్క మాట రాయించి లేచిపోతారు. ఈసారి లేవకండి. ఆ మాట పక్కన ‘పాల వెన్నది, ఫ్రోజెన్ డెజర్ట్ కాదు’ అని రాయించి, కింద వంటాయన సంతకం పెట్టించుకోండి.