జరిమానాలతో ఇంగ్లీషు రాదు: ఆ ఫార్వర్డుకు జవాబు

బెంగళూరు తెలుగువాళ్ల గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. మారతహళ్లి హాస్టళ్ల గ్రూపు, అపార్ట్‌మెంట్ల గ్రూపు, శని ఆదివారాల్లో ఉచితంగా ఇంగ్లీషు నేర్పే వాలంటీర్ల గ్రూపు, దేన్నీ వదల్లేదు. ‘ఆటలతో 30 రోజుల్లో అనర్గళ ఇంగ్లీషు’ అట. రోజూ గంటసేపు స్క్రాబుల్, అంటే అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే ఆట, ఆడాలట. ఊనో అనే కార్డుల ఆటతో పదాలు పెరుగుతాయట. 14 ఏళ్లు దాటినవాళ్లకు ఆటలు పనిచేయవట. ఓడినవాళ్లను పక్కన కూర్చోబెడితే కసి పుడుతుందట. తెలుగు మాట వస్తే 10 రూపాయలు జరిమానా వేయాలట. మంచి ఆటలు విదేశాల నుంచి తెప్పించుకోవాలట. వారమంతా ఒకే ఆట ఆడాలట. పాఠాలు చెప్పేవాళ్లు కూడా దీన్ని మెచ్చుకుని ముందుకు పంపుతున్నారు. అందుకే ఈ జవాబు.

ముందు స్క్రాబుల్ సంగతి. 100 బిళ్లలు, నలుగురు ఆటగాళ్లు. గంట ఆడితే ఒక్కొక్కరికి పది వంతులు వస్తే ఎక్కువ. వంతు వచ్చినా నోరు తెరవాల్సిన పనేముంది? పదం పేర్చి, పాయింట్లు చెబితే సరిపోతుంది. మిగతా ముగ్గురూ తమ ఏడు బిళ్లల వంక చూస్తూ కూర్చుంటారు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు. ఆ భాషలు మాట్లాడటం రాకుండానే, పదాల పట్టికలు కంఠతా పట్టి గెలిచాడు. స్పెల్లింగ్ దగ్గర తడబడేవాళ్లకు ఆ ఆట మేలు చేస్తుంది, కాదనను. కానీ ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పండి అనగానే గొంతు పట్టేసే అబ్బాయికి క్యూ అక్షరానికి 10 పాయింట్లని తెలిసి ఏం లాభం?

ఊనోలో ఉన్నవి ప్రధానంగా నాలుగు రంగులు, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. అవి కూడా రానివాళ్లు ఈ క్లాసులకు రారు.

14 ఏళ్ల మాట ఎక్కడిదో తెలియదు. టాబూ అనే ఆటలో ఒక పదాన్ని, దాని కింద రాసిన ఐదు మాటలూ వాడకుండా, జట్టువాళ్లకు తట్టేలా చెప్పాలి. అది చిన్నపిల్లల కంటే డిగ్రీ చదివినవాళ్లకే బాగా కుదురుతుంది. ఆఫీసులో సరైన మాట గుర్తురానప్పుడు చుట్టుతిప్పి చెప్పుకోవడం ఆ ఆటలోనే అలవాటవుతుంది. ఇక ఓడినవాళ్లను పక్కన కూర్చోబెట్టడం: ముందు ఓడేది భాష రానివాళ్లే. సాధన కావలసిందీ వాళ్లకే.

ఇప్పుడు జరిమానా. ఈ ఒక్క సలహా కోసమైనా ఆ మెసేజ్‌ను తీసేయండి. అనంతపురం నుంచో కడప నుంచో తెలుగు మీడియం చదివి ఉద్యోగం కోసం వచ్చినవాళ్లే ఆ డబ్బు కడతారు. కాన్వెంటులో చదివినవాళ్లు కట్టరు. పోయేది పది రూపాయలే కాదు, పదిమందిలో పరువు. మొదటి రోజు నాలుగు వాక్యాలు ప్రయత్నించిన అమ్మాయి రెండో రోజుకి ‘యెస్’, ‘నో’, ‘పాస్’ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత వేలితో చూపిస్తుంది. బల్ల దగ్గర తెలుగు వినబడటం మానేసిందని నడిపేవాళ్లు సంతోషిస్తారు. ఇంగ్లీషు కూడా వినబడటం లేదన్నది ఎవరూ గమనించరు! తర్వాతి వారం ఆ అమ్మాయి రాదు. అది క్రమశిక్షణ ఎలా అవుతుంది?

పైగా కొత్త ఆట నియమాలు మొదలుపెట్టేవాళ్లకు ఇంగ్లీషులో చెబితే పావుగంట పోతుంది, సగమే అర్థమవుతుంది, ఆట మధ్యలో తగాదా వస్తుంది. తగాదా ఎలాగూ తెలుగులోనే. రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పి, ముక్కలన్నీ పైకి తిప్పి ఒక రౌండు ఆడించండి. వాక్య నిర్మాణం కూడా అంతే. తెలుగులో మాట చివర ‘ఆ’ చేరిస్తే ప్రశ్న అయిపోతుంది కాబట్టి మనవాళ్లు ‘షి హాజ్ గ్లాసెస్?’ అని గొంతు మాత్రం పైకి లేపుతారు. ‘డజ్ షి హావ్ గ్లాసెస్?’ అని డజ్‌ను ముందుకు తేవాలని తెలుగులో ఒక్కసారి చెబితే అరనిమిషం పని.

ఇంగ్లీషు పలికించే బలం ఆటలోనే ఉండాలి. 40 ముక్కల కట్ట తీసుకోండి: పది వస్తువులు, ఒక్కోదానికి నాలుగు బొమ్మలు. నలుగురికి తలా ఐదు పంచి, మిగతా 20 బోర్లా పెట్టండి. ‘డూ యూ హావ్ ఎనీ టొమేటోస్?’ అని అడగాలి. ఉంటే ‘యెస్, ఐ డూ’ అని అడిగినవన్నీ ఇచ్చేయాలి; లేకపోతే ‘నో, ఐ డోంట్’ అనాలి, అడిగినవాళ్లు మధ్యలోంచి ఒకటి తీసుకోవాలి. నాలుగూ కలిస్తే ఒక సెట్టు. ఉత్త ‘టొమేటో?’ అంటే ముక్క ఇవ్వక్కర్లేదు. నియమం ఇదొక్కటే. వాక్యాలు రాసిన చీటీ బల్ల మీద ఉంచండి. ముక్క మీద మాత్రం పేరు రాయకండి, రాస్తే చూసి చదివేస్తారు. మాట తెలియకపోతే తెలుగులో అడిగి తెలుసుకుని, తిరిగి ఇంగ్లీషులో అడగనివ్వండి. వీలైతే బల్లకు ఒక కన్నడిగుణ్ణి, ఒక తమిళ అమ్మాయిని కలపండి. బెంగళూరులో ఇది ఎంత సులువు! అక్కడ ఇంగ్లీషు అవసరం దానంతటదే పుడుతుంది.

విదేశీ ఆటలు కొనమనడం కూడా తప్పే. అవెన్యూ రోడ్డులో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కార్డు షీటు దొరుకుతుంది. పల్చటి కాగితమైతే వెనక నుంచి బొమ్మ కనబడిపోతుంది. 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవున ఏ4 షీటుకు తొమ్మిది ముక్కలు వస్తాయి. 40కి ఐదు షీట్లు చాలు. అవతలివాళ్లు ఎంచుకున్న ముఖాన్ని అవును, కాదు ప్రశ్నలతో పట్టుకునే గెస్ హూ ఆట కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు: ఒక కాగితం మీద 24 ముఖాలు, రెండు కాపీలు, కాదని తేలిన ముఖం మీద పెట్టడానికి చింతపిక్కలు. బొట్టు, మీసం, కళ్లద్దాలు, జడ, ఒక్కో లక్షణం ఇంచుమించు సగం ముఖాలకు ఉండేలా గీయండి. ఒక్క ముఖానికే మీసం పెడితే గుడ్డిగా అడిగినవాళ్లు అదృష్టం తగిలితే మొదటి ప్రశ్నకే గెలుస్తారు, ఆట ముగుస్తుంది; లేకపోతే ఒక్క ముఖమే పోతుంది. సగానికి సగం తీసేసుకుంటూ పోతే ఐదు ప్రశ్నల్లో ముఖం తేలుతుంది. నాలుగాటలు ఆడితే ఒక్కొక్కరూ ఇంచుమించు ఇరవై ప్రశ్నలు నోటితో అడిగినట్టు. స్క్రాబుల్ గంటలో ఇందులో సగమైనా వస్తాయా?

చివరిది, వారమంతా ఒకే ఆట. ఇది మాత్రం నిజం. మంచి మనసుతో రోజుకో కొత్త ఆట తెచ్చే టీచర్లు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మొదటి రోజు బుర్రంతా నియమాల మీదే ఉంటుంది. రెండో రోజు వస్తువుల పేర్లు వస్తాయి. మూడో రోజుకి గానీ వాక్యం చీటీ చూడకుండా రాదు. అప్పుడు చీటీ తీసేసి, కట్ట అదే ఉంచి, వాక్యం మార్చండి: ‘కుడ్ ఐ హావ్ యువర్ టొమేటోస్, ప్లీజ్?’