ఆ పసిబిడ్డలకు తల్లే మందు

గర్భిణి హెరాయిన్ వాడిందని వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కడుపులో బిడ్డ ఏం పాపం చేసిందని అడుగుతాం. ఆ కోపం తప్పని నేను అనను. కానీ ఆ కోపాన్ని చట్టంగా మార్చిన చోటల్లా, ఆసుపత్రి నిబంధనగా మార్చిన చోటల్లా దెబ్బ తిన్నది ఆ బిడ్డే. గత పదిహేనేళ్ల వైద్య పరిశోధనలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. తల్లికి వైద్యం అందించి, ఆమెను బిడ్డ పక్కనే ఉంచితే బిడ్డ త్వరగా కోలుకుంటుంది. తల్లిని భయపెట్టి తరిమితే ఇద్దరికీ నష్టమే.

అమెరికాలో నొప్పి మాత్రలతో మొదలై హెరాయిన్, ఫెంటానిల్ దాకా పాకిన ఓపియాయిడ్ల (నల్లమందు జాతి మందుల) విపత్తు పాఠకులకు తెలిసిందే. అందులో పెద్దగా వార్తలకెక్కని భాగం ప్రసూతి వార్డులది. నెలల తరబడి మాయ ద్వారా బిడ్డకు చేరిన మందు బొడ్డుతాడు కోయగానే ఆగిపోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో బిడ్డ వణకడం మొదలుపెడుతుంది. కీచుగా ఏడుస్తుంది, పాలు సరిగా తాగదు, విరేచనాలవుతాయి, నిద్ర పట్టదు. 2004లో అక్కడ ప్రతి వెయ్యి కాన్పులకు ఇలాంటి బిడ్డలు 1.5 మంది. పదేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య 8కి చేరింది.

ఈ బిడ్డల్ని డాక్టర్లు దశాబ్దాల పాటు ఎలా చూశారో కాస్త దగ్గరగా చూడాలి. 1970లలో ఫిలడెల్ఫియా వైద్యురాలు లొరెట్టా ఫినెగన్ ఒక స్కోర్ షీట్ తయారుచేశారు. అందులో ఇరవైకి పైగా లక్షణాలు. ఏడుపు ఎంతసేపు, వణుకు ఎంత, చెమట పట్టిందా, ఎన్నిసార్లు తుమ్మింది, ఎన్నిసార్లు ఆవలించింది, ముక్కు దిబ్బడ ఉందా, అన్నింటికీ మార్కులు. నర్సు ప్రతి మూడు నాలుగు గంటలకూ వచ్చి లెక్క వేయాలి. వరుసగా మూడుసార్లు మొత్తం 8 గానీ అంతకు మించి గానీ వస్తే నోట్లో మార్ఫిన్ చుక్కలు మొదలు, అదీ ఓపియాయిడ్ జాతి మందే. అవి మొదలయ్యాక రోజురోజుకూ కొంచెం తగ్గిస్తూ మాన్పించాలి, దానికి వారాలు పడుతుంది. ఇదంతా జరిగేది నవజాత శిశు ఐసీయూలో, తెల్లటి లైట్ల కింద, మానిటర్ల మోతల మధ్య. తల్లి మాత్రం ఎక్కడో బయట. ఏ బిడ్డనైనా చీకటి గదిలోంచి తీసి అలాంటి చోట పడుకోబెట్టి, నిద్రపోతుంటే కదిలించి చూస్తే ఏడవకుండా ఉంటుందా? ఆ ఏడుపుకే మార్కులు, ఆ మార్కులకే మార్ఫిన్.

ఫినెగన్‌ను నిందించడం నా ఉద్దేశం కాదు. ఈ బిడ్డల బాధను ఎవరూ పట్టించుకోని రోజుల్లో దాన్ని కొలిచి చూపించిన వ్యక్తి ఆమె. తర్వాతి తరం చేసిన పొరపాటు ఏమిటంటే, కాగితం మీది అంకెను చూస్తూ మంచం మీది బిడ్డను చూడటం మానేయడం.

యేల్ న్యూ హేవెన్ పిల్లల ఆసుపత్రిలో మాథ్యూ గ్రాస్‌మన్ బృందం దీన్ని తలకిందులు చేసింది. బిడ్డను ఐసీయూ నుంచి మామూలు వార్డుకు తెచ్చారు, తల్లిని పక్కనే ఉంచారు. లైట్లు తగ్గించి, గుడ్డలో చుట్టి, గుండెలకు హత్తుకోమన్నారు. అడిగినప్పుడల్లా పాలివ్వమన్నారు. నర్సులు తల్లికి పదే పదే చెప్పింది ఒకటే, నీ బిడ్డకు ఇచ్చే మొదటి మందు నువ్వేనని. సగటున 22.4 రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చిన బిడ్డలు 5.9 రోజుల్లో ఇంటికెళ్లారు. మార్ఫిన్ పడిన బిడ్డలు 98 శాతం నుంచి 14 శాతానికి పడిపోయారు. ఒక్కో బిడ్డకు ఖర్చు దాదాపు 45 వేల డాలర్ల నుంచి 10 వేల డాలర్లకు దిగింది.

ఒక్క ఆసుపత్రి అనుభవాన్ని నమ్మేదెలా అన్నవాళ్లకు 2023లో జవాబు దొరికింది. న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ ట్రయల్ 26 అమెరికా ఆసుపత్రుల్లో, 1,305 మంది శిశువులతో జరిగింది. అందులో ఇరవై లక్షణాల షీట్‌కు బదులు మూడే ప్రశ్నలు. బిడ్డ సరిగా తాగుతోందా? ఒక గంట కదలకుండా నిద్రపోగలుగుతోందా? ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకోబెట్టగలుగుతున్నామా? మూడింటికీ అవునంటే మందు జోలికి వెళ్లక్కర్లేదు. పాత పద్ధతిలో డిశ్చార్జికి సిద్ధం కావడానికి 14.9 రోజులు పడితే కొత్త పద్ధతిలో 8.2 రోజులు. ఓపియాయిడ్ మందు ఇవ్వాల్సి వచ్చింది పాత పద్ధతిలో 52 శాతం మందికి, కొత్త దాంట్లో 19.5 శాతానికి. మూడు నెలల వయసు దాకా చూస్తే రెండు గుంపుల్లోనూ భద్రత ఒకేలా ఉంది.

ఆ మూడు ప్రశ్నలు మన ఇళ్లలో ఏ అమ్మమ్మయినా అడిగేవే. పాలు తాగిందా, పడుకుందా, ఎత్తుకుంటే ఊరుకుందా? కానీ వాటిని అడగాలంటే ఎత్తుకునే మనిషి అక్కడ ఉండాలి. అందుకే ఈ పరిశోధనంతా తిరిగి తిరిగి తల్లి దగ్గరికే వస్తుంది.

తల్లి అక్కడ ఉండాలంటే ఆమె నిలదొక్కుకోవాలి. హార్మ్ రిడక్షన్ (హాని తగ్గించడం) అని వైద్యులు అనేది ఇక్కడే పనికొస్తుంది. ఇవాళే మానెయ్ అని ఒట్టు వేయించుకునే బదులు, వీధిలో దొరికే హెరాయిన్ స్థానంలో డాక్టర్ చేతి మీదుగా అదే జాతి మందులైన మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ ఇస్తారు. దాంతో సూది మానుతుంది, హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి ముప్పు తగ్గుతుంది, చెకప్‌లకు రావడం అలవాటవుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఉన్నపళంగా మాన్పిస్తే చాలామంది మళ్లీ అందులోనే పడతారు, ఈసారి ప్రాణం మీదికి వస్తుంది. 2010లో వచ్చిన మదర్ ట్రయల్ ఈ రెండు మందులనూ గర్భిణుల్లో పోల్చి చూసింది. బ్యూప్రెనార్ఫిన్ తీసుకున్న తల్లుల బిడ్డలు సగటున 10 రోజులు ఆసుపత్రిలో ఉంటే, మెథడోన్ తల్లుల బిడ్డలు 17.5 రోజులున్నారు. ఆ బిడ్డలకు పడిన మార్ఫిన్‌లోనూ భారీ తేడా, మొదటివాళ్లకు 1.1 మిల్లీగ్రాములు, రెండోవాళ్లకు 10.4. అంటే తల్లికి ఏ మందు ఇచ్చామన్నది కూడా బిడ్డ వైద్యంలో భాగమే.

దీనికి ఎదురు వాదన ఉంది. ఇలా మెత్తగా ఉంటే మత్తుకు అలుసిచ్చినట్టే కదా, రేపు ఆ ఇంట్లో బిడ్డకు ఏమైనా అయితే ఎవరిది పూచీ అని అడుగుతారు. బిడ్డకు నిజంగా ప్రమాదం ఉన్న ఇల్లు ఉంటుంది. అక్కడ బిడ్డను కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే, అందులో రాజీ లేదు. అయితే అది ఒక్కొక్క కుటుంబాన్ని చూసి తేల్చాల్సిన విషయం. మూత్ర పరీక్షలో పాజిటివ్ వచ్చిన ప్రతి తల్లినీ నేరస్థురాలిని చేయడం వేరు.

అలా చేస్తే ఏమవుతుందో టెనెసీ చూపించింది. 2014 జూలైలో ఆ రాష్ట్రం, గర్భంలో మత్తుమందు వాడి బిడ్డకు హాని చేసిన తల్లిని దాడి కేసు కింద అరెస్టు చేసే చట్టం తెచ్చింది. చికిత్సలో చేరితే కేసు కొట్టేస్తామన్నారు. చేరడానికి కేంద్రాలు ఎన్ని ఉన్నాయి, గర్భిణిని చేర్చుకునేవి ఎన్ని అని ఎవరూ ముందు చూడలేదు. ఆడవాళ్లు డాక్టర్ల దగ్గరికి వెళ్లడం తగ్గించారు. 2016లో గడువు ముగిసి ఆ చట్టం దానంతటదే పోయింది. తర్వాత ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టి, 2015 ఒక్క ఏడాదిలోనే ఆ చట్టం వల్ల అదనంగా 20 గర్భస్థ మరణాలు, 60 శిశు మరణాలు సంభవించాయని అంచనా వేశారు. శిశువుల్ని కాపాడతామని తెచ్చిన చట్టం ఇది. అంతకు ముందు దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి, గర్భిణుల మూత్ర పరీక్షల ఫలితాలను వాళ్లకు చెప్పకుండానే పోలీసులకు పంపింది. అది రాజ్యాంగ విరుద్ధమని 2001లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

1980ల చివర్లో కొకైన్ తల్లుల బిడ్డల గురించి అక్కడి పత్రికలు చేసిన గోల ఇంకా పెద్ద పాఠం. వాళ్లు ఒక పాడైపోయిన తరమని రాశారు. ఫిలడెల్ఫియాలో హాలం హర్ట్ అనే వైద్యురాలు 224 మంది పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి రెండు దశాబ్దాలు వెంబడించారు. సగం మంది తల్లులు కొకైన్ వాడారు, సగం మంది వాడలేదు, అందరూ పేదవాళ్లే. నాలుగేళ్ల వయసులో కొకైన్ సోకిన పిల్లల సగటు ఐక్యూ 79, సోకని వాళ్లది 81.9. రెండూ దేశ సగటు కన్నా బాగా తక్కువ. పిల్లల్ని వెనక్కి లాగింది పేదరికం, తుపాకుల మోత వినిపించే వీధులు. నిందంతా తల్లి మీద వేసేసి ఆ పేదరికానికి క్లీన్ చిట్ ఇచ్చారు.

తల్లిని గదిలోంచి బయటికి పంపే అలవాటు మత్తుమందులతో మొదలైంది కాదు. ఆధునిక వైద్యం నవజాత శిశువుల విషయంలో ఎప్పటినుంచో చేస్తున్న పని అది. 1978లో బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు ఎడ్గర్ రే, హెక్టర్ మార్టినెజ్ నెలలు నిండని బిడ్డల్ని తల్లుల గుండెల మీద కట్టి పంపడం మొదలుపెట్టినప్పుడు, చాలామంది దాన్ని పేద దేశాల సర్దుబాటుగా చూశారు. అసలు సంగతి 2021లో తేలింది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోనూ జరిగిన ట్రయల్ అది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువుల్లో కొందరిని స్థిరపడేదాకా ఆగకుండా పుట్టగానే తల్లి ఒంటికి ఆనించి ఉంచారు. 28 రోజుల్లోపు మరణాలు మామూలు పద్ధతిలో 15.7 శాతం, ఈ పద్ధతిలో 12 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్‌ను ముందే ఆపేశారు. సఫ్దర్‌జంగ్‌లో ఇందుకోసం బిడ్డకు వేడినిచ్చే వార్మర్ పక్కనే తల్లికి మంచం వేసిన ప్రత్యేక ఐసీయూ కట్టారు.

మరి మన జిల్లా ఆసుపత్రుల నవజాత శిశు విభాగాల్లో, కార్పొరేట్ ఆసుపత్రుల ఐసీయూల్లో తల్లి ఎక్కడుంటోంది? చాలాచోట్ల గాజు తలుపు బయట, పిండిన పాలు గిన్నెలో పట్టుకుని పిలుపు కోసం ఎదురుచూస్తూ. సిజేరియన్ కుట్లతో బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఇన్ఫెక్షన్ భయమంటారు. సఫ్దర్‌జంగ్ లాంటి రద్దీ ఆసుపత్రిలో వీలైంది ఇక్కడ ఎందుకు వీలు కాదో ఎవరైనా చెప్పాలి.

హెరాయిన్ సమస్య మనది కాదు, పంజాబ్‌దీ మణిపూర్‌దీ అనుకునేవాళ్లు కల్లు కాంపౌండ్ల వైపు ఒకసారి చూడాలి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజొలాం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు, నిద్ర మందులు కలుపుతారని అందరికీ తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఎర్రగడ్డ ఆసుపత్రికి క్యూ కట్టిన వాళ్లను టీవీల్లో చూశాం. కూలి పని చేసుకునే ఆడవాళ్లు కూడా ఆ కల్లు తాగుతారు, వాళ్లలో గర్భిణులూ ఉంటారు. నెలలు నిండేదాకా అల్ప్రాజొలాం జాతి మందు ఒంట్లో ఉంటే పుట్టిన బిడ్డ వేలాడిపోతూ ఉండొచ్చు, పాలు పట్టకపోవచ్చు, తర్వాత వణకొచ్చు. ఆ బిడ్డకు ఎందుకలా ఉందో డాక్టర్‌కు తెలియాలంటే తల్లి చెప్పాలి. ఆమె నోరు విప్పాలంటే భయం ఉండకూడదు.

చట్టంలో దారి ఉంది. వ్యసనపరులు తమంతట తామే చికిత్సకు వస్తే చిన్న మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్. హెచ్‌ఐవీ ముప్పు తగ్గించే కార్యక్రమాలు నేరం కాదని 2017 హెచ్‌ఐవీ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అయినా మన రెండు రాష్ట్రాల్లో మత్తు మీద పోరు అంటే దాడులు, పట్టుబడ్డ కిలోల లెక్కలే. ప్రసూతి వార్డు అందులో ఎక్కడా కనిపించదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్యారోగ్య శాఖలు ముందుగా ఒక సర్క్యులర్ ఇవ్వాలి. మత్తు అలవాటు గురించి గర్భిణి చెప్పిన మాట కేస్‌షీట్ దాటి పోలీసులకో, అత్తింటివాళ్లకో చేరకూడదని అందులో రాయాలి. అది చేతికొచ్చాక ప్రతి చెకప్‌లోనూ, బీపీ చూసినంత మామూలుగా ఏఎన్‌ఎం అడగాలి, "అమ్మా, కల్లు తాగుతావా? ఏ కాంపౌండ్‌లో?" అని. అత్తను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి అడగాలి.