బేసిస్టు పోస్టు రద్దు

ఉద్యోగాల కోతలో డెట్రాయిట్ నగరానికున్నంత అనుభవం అమెరికాలో చాలా ఊళ్లకు లేదు. కార్ల కంపెనీలు దశాబ్దాల పాటు అక్కడ సాధన చేసిన ఆ విద్యను సంగీతంలో ప్రవేశపెట్టిన ఘనత మాత్రం ఆ ప్రాంతం వారే అయిన గాయక గిటారిస్టు జాక్ వైట్, డ్రమ్మర్ మెగ్ వైట్‌లకు దక్కాలి. 1999 జూన్‌లో వచ్చిన వీరిద్దరే ఉన్న రాక్ బృందం ‘ది వైట్ స్ట్రైప్స్’ తొలి ఆల్బంలో నల్లజాతి అమెరికన్ల బ్లూస్ బాణీ, దూకుడైన పంక్ రాక్ కలిసిపోయాయని సంగీతజ్ఞులు మురిసిపోతారు గానీ, నా దృష్టిలో అది సిబ్బంది కుదింపుపై వెలువడిన ప్రామాణిక గ్రంథం.

రాక్ బృందమన్నాక కనీసం ముగ్గురు నలుగురైనా ఉండాలన్న దుబారా ఆచారాన్ని వీరు మొదట్లోనే తోసిపుచ్చారు. మంద్ర స్వరాల బేస్ గిటారు వాయించే బేసిస్టు పోస్టు రద్దయింది. రెండో గిటారిస్టు సంగతి సరేసరి. 17 పాటలను సుమారు 43 నిమిషాల్లో, అంటే సగటున పాటకు రెండున్నర నిమిషాల్లో తేల్చేశారు. పైగా జాక్ సోఫాలకు గుడ్డ తొడిగే పని నేర్చినవాడు కావడంతో, బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్, జానపద, రాక్ గాయకుడు బాబ్ డిలన్ల పాత పాటలకు కొత్త తొడుగు వేసి, సరుకు ఖర్చు కూడా కొంత ఆదా చేశాడు. ఆల్బంను అంకితమిచ్చింది సన్ హౌస్‌కు: వాయిద్యమే లేకుండా, గొంతుతో, చప్పట్లతో పాట నడిపించి చూపిన బ్లూస్ గాయకుడాయన. ఆదర్శమంటే అలా ఉండాలి.

మెగ్‌కు డ్రమ్స్ వాయించడం రాదని గొణిగినవారున్నారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకుంది. ఇక్కడ ఆడనివారు కూడా మద్దెలనే అన్నారు. ఒక దరువు పట్టి, అలంకారాల జోలికి పోకుండా, గిటారు ఎంత అరచినా చలించకుండా కొట్టుకుపోయే ఆమె వాయింపులో వృథా అయిన దెబ్బ ఒక్కటి చూపించమనండి!

బంధుత్వాల విషయంలోనూ ఇదే పొదుపు. 1996లో పెళ్లయినప్పుడు భార్య ఇంటిపేరును భర్తే తీసుకున్నాడు. లోకానికి మాత్రం అక్కాతమ్ముళ్లమని చెప్పుకున్నారు. 2000లో విడాకులు తీసుకున్నా బృందాన్ని వదల్లేదు. ఇన్ని వరసలనూ ఆ ఇద్దరితోనే భర్తీ చేయడం ఏ యాజమాన్యానికి సాధ్యం?

2003లో ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ పాటకు బేస్ లాంటి నాదం అవసరమైనప్పుడు కూడా కొత్త నియామకం జరగలేదు. గిటారు స్వరాన్నే పెడల్‌తో ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించి పని కానిచ్చారు. ఇప్పుడు ఆ బాణీని పలికే పనిని ఫుట్‌బాల్ మైదానాల్లో వేలాది ప్రేక్షకులు, టికెట్ డబ్బులు తామే కట్టుకుని, గొంతు చించుకుని చేసిపెడుతున్నారు.