సవరణ: పెద్ద కుక్కకి టెన్నిస్ బంతి వద్దు

పెద్ద కుక్కల సామాన్ల గురించి పోయిన వారం రాస్తూ, ఆడుకోడానికి టెన్నిస్ బంతి చాలన్నాను. తప్పు రాశాను.

మా లాబ్రడార్ 34 కిలోలు. మొన్న సాయంత్రం విజయనగరం అయోధ్య మైదానంలో ఎగిరి బంతి అందుకుంది, అది సగం గొంతులోకి జారిపోయింది. దవడ తెరిచి, జొల్లులో వేళ్లు జారుతుంటే ఎలాగో లాగాను. నా చేతులు వణుకుతున్నాయి, అదేమో మళ్లీ విసరమని తోక ఊపుతోంది!

టెన్నిస్ బంతి అడ్డకొలత ఆరున్నర సెంటీమీటర్ల పైచిలుకు. చిన్న జాతులకి సరే గానీ పెద్ద నోటికి అది ఉసిరికాయే. పైగా ఆ నూగుకి ఇసుక పట్టి, నమిలేకొద్దీ పళ్లు అరుగుతాయి. బంతి వెనక దవడ పళ్లు దాటి లోపలికి పోనంత పెద్దదిగా ఉండాలి. బొమ్మ గట్టి రబ్బరుదైతే బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, కాస్తైనా లొంగాలి. లొంగకపోతే పన్ను విరుగుతుంది. బోలు బొమ్మకి రెండు కన్నాలుండాలి. ఒకటే ఉంటే గాలి ఆడక నాలుక ఇరుక్కోవచ్చు.

ఇంకోటి. ఉడికించిన మటన్ ఎముక పెట్టొచ్చన్నాను కదా, అదీ కొట్టేయండి. ఉడికిన ఎముక పెళుసై, చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. మెడపట్టీ గురించి రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను: రెండు వేళ్లు దూరేంత వదులు.